వెంటిలేటర్‌లో చిత్రగుప్తుడు

ఆ ఆదివారం చిత్రగుప్తుడి ఉదయపు కార్యక్రమం చాలా సులువైనది. ఎనిమిదిన్నరకు చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, తొమ్మిదికి స్నానం చేయాలి, పదింటికి మూడు అంతస్తులు దిగి అపార్ట్‌మెంటు ముంగిట్లో వేసిన కుర్చీల ముందు నిలబడి ‘ఇంట్లో ప్రమాదాలు, జాగ్రత్తలు’ అన్న అంశం మీద నలభై నిమిషాలు మాట్లాడాలి. ముఖ్య అతిథిగా ఫైర్ ఆఫీసర్ వస్తున్నాడు. మొదటి రెండు పనులూ రోజూ చేసేవే కనుక, భయమంతా మూడో పని గురించే పెట్టుకున్నాడు.

చిత్రగుప్తుడు ఆయన అసలు పేరు కాదు. ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. ఆయన ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్. పదకొండేళ్లుగా ఆదివారం అనుబంధంలో ఒక పేజీ ఆయనదే. ఆ పేజీలో ఎడమవైపు ‘బతికి బట్టకట్టినవారు’ అని ఒక కాలమ్, కుడివైపు ‘చేజేతులా’ అని మరొకటి. నాలుగో అంతస్తు నుంచి జారి, కింద వెళ్తున్న పరుపుల లారీలో పడి, అలాగే నిద్రపోయిన పెయింటరు ఎడమవైపు వస్తాడు. ‘ఇక్కడ నిలబడరాదు’ అన్న బోర్డును తీరిగ్గా చదవడానికి అక్కడే నిలబడినవాడు కుడివైపు వస్తాడు. అన్నీ నిజంగా జరిగినవే. ఆ కుడివైపు మనుషుల గురించి రాసీ రాసీ, ఈ లోకంలో తెలివితక్కువ పని చేయని మనిషి తానొక్కడేనన్న నమ్మకం ఆయనకు గట్టిగా కుదిరిపోయింది.

ఆయన భార్య ప్రసూతి ఆసుపత్రిలో హెడ్ నర్సు. అపార్ట్‌మెంటులో అందరూ ఆమెను సిస్టర్ గారనే పిలుస్తారు. ఆ ఉదయం కుర్చీలు వేయించడానికి కిందికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఏమండీ, బాత్‌రూమ్ గడియ బిగుసుకుపోతోంది. తలుపు దగ్గరకు వేసుకోండి చాలు, గడియ పెట్టకండి. వడ్రంగి సాయంత్రం వస్తానన్నాడు."

"గడియ పెట్టకపోతే ఎవరో ఒకరు తటాలున తోస్తారు. తలుపు తగిలి నేను జారతాను. నీళ్ళు పడ్డ నేల మీద జారిన మనిషి తల ఎక్కడ తగులుతుందో తెలుసా?"

"ఇంట్లో ఉండేది మా అమ్మ ఒక్కతే. ఆవిడ టీవీ ముందు నుంచి లేవదు."

"ఇంటి ప్రమాదాల్లో తొంభై శాతం ఇంట్లోవాళ్ళ వల్లే జరుగుతాయి."

"మిగతా పది శాతం మీవల్ల జరుగుతాయి" అనేసి ఆమె వెళ్ళిపోయింది.

చిత్రగుప్తుడు హాల్లో నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. సోఫాలో అత్తగారు టీవీ చూస్తోంది. ఆవిడకు చెవులు కాస్త మందం. అందుచేత ఆ ఇంట్లో టీవీ పెడితే రెండో అంతస్తువాళ్ళకు వేరే టీవీ అక్కర్లేదు. చొక్కా కుర్చీకి తగిలించి, తువ్వాలు కట్టుకుని, ఆయన బాత్‌రూమ్‌లోకి వెళ్ళాడు. బకెట్‌లోకి పంపు తిప్పాడు. తలుపు వేశాడు. రెండు క్షణాలు ఆలోచించి గడియ పెట్టాడు.

స్నానం సగంలో ఉండగా కింద మైకులో "హలో, హలో" అని వినిపించింది. ఆలస్యమైపోతోందని గబగబా నాలుగు చెంబులు పోసుకుని, తువ్వాలు చుట్టుకుని, జుట్టులో నురగ ఉండగానే గడియ లాగాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. గడియ పిడి చేతిలోకి వచ్చేసింది. గడియ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

చిత్రగుప్తుడు కంగారు పడలేదు. కంగారు పడ్డవాళ్ళందరూ కుడివైపు కాలమ్‌లోకే వెళ్తారని ఆయనకు తెలుసు. సెల్‌ఫోన్ బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్ళడం ఎంత ప్రమాదమో మూడుసార్లు రాసిన మనిషి కనుక, అది హాల్లో భద్రంగా ఉంది. తలుపు మీద మర్యాదగా తట్టాడు.

"అత్తయ్యగారూ! గడియ!"

టీవీ హోరులోంచి కాసేపటికి జవాబు వచ్చింది. "తొమ్మిదీ ఇరవై, బాబూ!"

"గడియారం కాదండీ! తలుపు! తలుపు తీయాలి!"

చెప్పుల చప్పుడు అయింది. వీధి తలుపు తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. "ఎవరూ లేరు బాబూ. ఎవరో బెల్లు కొట్టి పారిపోయుంటారు" అంటూ అత్తగారు వెళ్ళి సోఫాలో కూర్చుంది. ఆ తర్వాత ఆయన ఎంత బాదినా, ఆవిడ టీవీ శబ్దం ఇంకాస్త పెంచింది తప్ప లేవలేదు. పైఫ్లాటువాళ్ళు గోడకు మేకులు కొట్టుకుంటున్నారని అనుకుంది.

ఇక మిగిలింది వెంటిలేటర్. అది గోడకు బాగా ఎత్తున, ముంగిటి వైపు ఉంది. అడ్డంగా గాజు పలకలున్న ఇనప చట్రం. అక్కడి నుంచి కేకేస్తే భార్యకు వినబడుతుంది. కాకపోతే దేని మీద ఎక్కాలన్నది ప్రశ్న. బకెట్ బోర్లించి ఎక్కి పోయినవాళ్ళు ఆయన పేజీలో తొమ్మిదిమంది. వాష్‌బేసిన్ మీద ఎక్కినవాళ్ళు నలుగురు. కమోడ్ మూత మీద ఎక్కి పోయినవాడు మాత్రం పదకొండేళ్ళలో ఒక్కడూ లేడు. అదే ఎక్కాడు. గాజు పలకలు ఒక్కొక్కటే జాగ్రత్తగా ఊడదీసి, ఎవరి కాలికీ తగలకుండా గోడ వారగా వరసగా నిలబెట్టాడు. కేకేశాడు. కింద మైకులో పాటలు పెట్టారు. ఆ కేక ఆయనకే వినిపించలేదు. అంచేత తల బయట పెట్టాడు.

తల పెద్ద ఇబ్బంది లేకుండా బయటికి వెళ్ళింది. ముంగిలంతా స్పష్టంగా కనిపించింది. నలభై కుర్చీలు, దాదాపు అందరూ వచ్చేశారు. తనకోసం వేసిన బల్ల మీద మంచినీళ్ళ సీసా కూడా పెట్టారు. ఏర్పాట్లు చూసి ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది. తర్వాత తల లోపలికి తీసుకోబోతే, గాజు పలకలను పట్టి ఉంచే రెండు రేకు కొక్కేలు చెవుల వెనక పట్టుకున్నాయి. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి. తల మాత్రం ఊరి వైపే ఉండిపోయింది.

"రక్షించండి! ఇరుక్కుపోయాను!" అని అరిచాడు.

మొదట చూసింది ఫైర్ ఆఫీసర్. "పైన ఎవరో ఉన్నారే?" అన్నాడు.

అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి రిటైరైన హెడ్‌మాస్టరు. కళ్ళద్దాలు సర్దుకుని చూసి, పాటలు ఆపించి, మొహం చాటంత చేసుకున్నాడు. "మన వక్తగారే! ఆహా! నేనేదో కాగితం చూసి చదువుతారనుకున్నానండీ. ప్రదర్శన పెట్టారు!"

"నలభై ఊళ్ళు తిరిగాను సార్. చెప్పేవాళ్ళే కానీ ఇలా చేసి చూపించేవాళ్ళు లేరు" అన్నాడు ఆఫీసర్. చప్పట్లు కొట్టింది కూడా ఆయనే ముందు.

ముంగిలంతా చప్పట్లు మోగాయి.

"నిజంగా ఇరుక్కున్నానండీ! నటన కాదు!"

"చూశారా, ఎంత సహజంగా ఉందో!" అని వెనక వరసలో ఎవరో అన్నారు.

కుర్చీలు సర్దుతున్న భార్య తలెత్తి చూసింది. ఆమెకు ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. "అది నటన కాదండీ. ఆయనకు నటన రాదు. పెళ్ళి ఫొటోల్లో నవ్వమంటేనే నవ్వలేకపోయారు. గడియ పెట్టొద్దని చెప్పి వచ్చాను, పెట్టేసుకున్నారు."

కార్యదర్శి ఆనందం పట్టలేకపోయాడు. "మీకూ ఒక పాత్ర ఉందన్నమాట సిస్టర్ గారూ! ముందే చెబితే మీకోసం ఇంకో మైకు పెట్టించేవాణ్ణి కదా."

ఆమె ఇంకేదో అనబోయేలోపు ఆఫీసర్ టోపీ సర్దుకున్నాడు. "మాస్టారూ, మీరు జనాన్ని చూసుకోండి. నేను పైకి వెళ్ళి రక్షించే ఘట్టం చూపిస్తాను" అని లిఫ్టు వైపు నడిచాడు. ‘ప్రమాద సమయంలో లిఫ్టు వాడరాదు’ అన్న కాగితాన్ని లిఫ్టు తలుపు పక్కన ఆ ఉదయమే ఆయన స్వయంగా అంటించాడు. బూట్లు బరువుగా ఉన్నాయి. మూడో అంతస్తు. ఎక్కేశాడు.

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన కార్యదర్శి మైకు అందుకుని ఊరుకోగలడా? "ఇప్పుడు అందరూ పైకి చూడండి. ఈయన చేసిన మొదటి తప్పేమిటి?"

"ఒంటరిగా ఎక్కడం!"

"రెండోది?"

"తల బయట పెట్టడం!"

"మూడోది?"

"సబ్బు కడుక్కోకుండా రావడం!"

"పెళ్ళాం మాట వినకపోవడం" అంది భార్య, పళ్ళు బిగించి. అన్నిటికంటే పెద్ద చప్పట్లు దానికే పడ్డాయి.

పైన చిత్రగుప్తుడు తన తప్పులను ఒకటొకటిగా వింటున్నాడు. ఇంతకాలమూ ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ, ఎవరెవరి ఆఖరి తప్పులకో చమత్కారమైన శీర్షికలు పెట్టాడు. వాళ్ళంతా ఇప్పుడు వరసగా గుర్తొచ్చారు. వాళ్ళలో ఎవరూ పొద్దున్నే లేచి తెలివితక్కువ పని చేద్దామని బయల్దేరి ఉండరు. ఆ క్షణానికి తెలివైనదనిపించిన పనే చేసి ఉంటారు. అలా ఆయనకు ఎప్పుడూ తోచలేదు. మెడ నొప్పిపెడుతుంటే తోచింది.

ఆ బాధలో కాలు మార్చి నిలబడబోయాడు. నడుము దగ్గర తువ్వాలు వదులైంది. చేత్తో పట్టుకోబోయాడు గానీ గోడకు ఆనుకున్న ఒళ్ళు తిరగలేదు. తువ్వాలు కింద పడింది. పడితే పడింది, కనిపించేది తల ఒక్కటే కదా అని సర్దిచెప్పుకున్నాడు. కాసేపటికి చెవులకు కొత్త శబ్దం వినిపించింది. పంపు. స్నానం మధ్యలో వదిలేసిన పంపు ఇంకా ధారగా పోస్తూనే ఉంది. ఇందాకటిదాకా నీళ్ళు తూములోకి గలగలా పోతున్నాయి. ఇప్పుడు ఆ గలగల లేదు. తువ్వాలు తిన్నగా వెళ్ళి తూము మీదే పడిందన్నమాట.

నీళ్ళు నిండుతాయి. తలుపు కింద నుంచి హాల్లోకి పోతాయి. హాల్లో నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంది. దానికి ఇస్త్రీ పెట్టె ఉంది. స్విచ్ ఆపాడా? ఎంత గుర్తు చేసుకున్నా చొక్కా కుర్చీకి తగిలించడమే గుర్తొస్తోంది, స్విచ్ గుర్తు రావడం లేదు. పక్కనే సోఫా. సోఫాలో అత్తగారు. ఆవిడ ఏ క్షణంలోనైనా కాలు కింద పెడుతుంది.

అప్పటిదాకా ఆయన తనకోసం అరిచాడు. ఇప్పుడు వచ్చిన కేక వేరే.

"ఇస్త్రీ పెట్టె! నీళ్ళు! అత్తయ్యగారు! కరెంటు తీసేయండి!"

"విద్యుత్ ప్రమాదాల ఘట్టం మొదలైంది" అని కార్యదర్శి మైకులో ప్రకటించాడు.

భార్య ఆ మాట వినలేదు. ఇరవై ఏళ్ళుగా కాన్పు గదిలో రకరకాల కేకలు విన్న మనిషి. నిజమైన కేక ఏదో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. చేతిలో కుర్చీ అక్కడే వదిలేసి, మెట్ల కింద ఉన్న మీటర్ల గదిలోకి పరిగెత్తింది. తమ ఫ్లాటు స్విచ్ ఏదో వెతుక్కునే ఓపిక లేక, అన్నిటికీ కలిపి ఉన్న పెద్ద మెయిన్‌నే కిందికి లాగేసింది.

మైకు ఆగిపోయింది. లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. టీవీ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం రాబోతోందని తెలియని చిత్రగుప్తుడు తన తర్వాతి కేకను పూర్తి బలంతో మొదలుపెట్టి ఉన్నాడు.

"ఎవరూ పైకి రాకండి! నా ఒంటి మీద గుడ్డ లేదు!"

ముంగిల్లో నలభైమందికీ ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపించింది. ముందు వరసలో పెద్దలు తలలు దించుకున్నారు. వెనక వరసవాళ్ళు కుర్చీలు కాస్త ముందుకు జరుపుకున్నారు.

పైన హాల్లో ఆ మాట అత్తగారికి కూడా వినిపించింది. పొద్దుటి నుంచి ఆవిడకు వినిపించిన మొదటి పూర్తి వాక్యం అదే. ఆవిడ లేచింది. బాత్‌రూమ్ ముందు నిలబడి, తన చేతికర్ర తలుపు కింద దూర్చి, తలుపును ఒక అంగుళం పైకి లేపి తోసింది. గడియ దానంతట అదే జారింది.

చిత్రగుప్తుడికి వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు, పంపు కట్టిన చప్పుడు వినిపించాయి. తర్వాత నడుము చుట్టూ దుప్పటి ఒకటి వచ్చి చేరింది.

"వచ్చావా? అత్తయ్యగారు ఎలా ఉన్నారు?" అని బయట ఊరినుద్దేశించి అడిగాడు.

"బాగానే ఉన్నాను బాబూ. కళ్ళు మూసుకునే ఉన్నాను. ముడి ముందు వెయ్యనా, పక్కన వెయ్యనా?"

అత్తగారు పక్కన వేసింది.

ఈలోగా భార్య మూడు అంతస్తులూ పరుగున ఎక్కి వచ్చింది. హాల్లో నీళ్ళు ఎక్స్‌టెన్షన్ బాక్సును చుట్టుముట్టి ఉన్నాయి. ఇస్త్రీ పెట్టె స్విచ్ వేసే ఉంది. ఆమె ముందు దాని ప్లగ్గు ఊడదీసింది. తర్వాత కోపంగా అడిగింది, "అమ్మా! ఈ నీళ్ళలో ఎలా దిగావు?"

"నీళ్ళు రావడం చూసి కాళ్ళు సోఫా మీద పెట్టుకున్నానే. వైరు అక్కడుందిగా. కరెంటు పోయాకే దిగాను."

"మరి ఆయన్ని కేకెయ్యొచ్చుగా?"

"వేశాను. ఆయన బయటికి అరుస్తారు, నేను లోపల అరుస్తాను. ఒకరి మాట ఒకరికి వినబడితేగా. అయినా ఆ గడియ నాకు రోజూ బిగుసుకుంటుంది. తలుపు కాస్త పైకెత్తితే వచ్చేస్తుంది. నన్నెవరూ అడగలేదు మరి."

భార్య చేతులు పైకి మడుచుకుని, షాంపూ సీసా తీసుకుని కమోడ్ మూత మీద ఆయన పక్కనే ఎక్కింది. వెంటిలేటర్‌లోంచి చెయ్యి దూర్చి రెండు చెవుల చుట్టూ దండిగా రాసింది. ఆమె గొంతు ఒక్కసారిగా ఆసుపత్రి గొంతు అయిపోయింది.

"భయపడకండి. ఊపిరి నెమ్మదిగా తీసుకోండి. గడ్డం ఛాతీకి ఆనించండి. ఇప్పుడు ఎడమకి... తొందరేం లేదు... అరవకూడదు, బలమంతా కేకల్లో పోతుంది. అదిగో, వచ్చేస్తోంది, వచ్చేస్తోంది..."

తల వచ్చేసింది. ఆమె అలవాటు కొద్దీ దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇన్నేళ్ళలో ఇంత మాట్లాడిన తల ఇదే" అంది. అని, ఆ తలనే గుండెకు ఆనించుకుని కాసేపు వదల్లేదు. తర్వాత చిత్రగుప్తుడు వెళ్ళి అత్తగారి ముందు నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, నావల్ల ఈరోజు మీకు ఎంత ప్రమాదం వచ్చి తప్పిందో..."

"తప్పింది కదా. ముందు చొక్కా వేసుకోండి" అంది ఆవిడ, ఇప్పుడు నిజంగానే మొహం అటు తిప్పుకుని.

హాలంతా తుడిచి ఆరబెట్టేదాకా మెయిన్ వేయడానికి సిస్టర్ గారు ఒప్పుకోలేదు. అందుచేత ఫైర్ ఆఫీసర్ ముప్పావుగంట లిఫ్టులోనే ఉన్నాడు. మొదటి పది నిమిషాలు ఆయన లిఫ్టు లోపల్నుంచి ధైర్యం చెప్పాడు. తర్వాతి పది నిమిషాలు బయటివాళ్ళు ఆయనకు చెప్పారు. మిగతా సమయంలో ఆయన వాళ్ళమ్మ పేరు తలుచుకోవడం రెండో అంతస్తువాళ్ళు విన్నారు.

పదకొండుంబావుకు చిత్రగుప్తుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మందారాల్లా ఎర్రగా విప్పారిన రెండు చెవులతో మైకు ముందుకు వచ్చాడు. రాసుకొచ్చిన ప్రసంగాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు.

"ఇందాక మీరు చూసింది నటన కాదు. వద్దన్న గడియ పెట్టుకున్నాను. స్విచ్ ఆపడం మర్చిపోయాను. నా తెలివితక్కువతనం వల్ల మా అత్తగారి ప్రాణం మీదికి వచ్చింది. ఎదుటివాళ్ళ పొరపాట్లను చూసి నవ్వే అర్హత నాకు లేదు."

ఆ తర్వాత నలభైమందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"చివరిదాకా పాత్ర వదల్లేదు, చూశారా!" అని కార్యదర్శి కళ్ళు తుడుచుకున్నాడు.

చిత్రగుప్తుడు దిక్కుతోచక, లిఫ్టు ఎందుకు ఆగిందో సిస్టర్ గారి నోట విన్న ఒకే ఒక్క అధికారి వైపు చూశాడు. అప్పుడే లిఫ్టులోంచి బయటపడి, మంచినీళ్ళ సీసా మొత్తం తాగేసి, చెమటతో తడిసిపోయి కూర్చున్న ఫైర్ ఆఫీసర్ నెమ్మదిగా లేచాడు. మైకు అందుకున్నాడు. ముంగిలంతా ఆయన వైపు చూస్తోంది. ఆయన లిఫ్టు తలుపు పక్కన తానే అంటించిన కాగితం వైపు చూశాడు.

"వక్తగారి ఘట్టం మీరు చూశారు" అన్నాడు గొంతు సవరించుకుని. "ప్రమాద సమయంలో లిఫ్టు ఎక్కితే ఏమవుతుందో చూపించే రెండో ఘట్టం నాది. మేమిద్దరం వారం రోజులు సాధన చేశాం."

ఈసారి చప్పట్లకు పక్క వీధిలో కుక్కలు మొరిగాయి. భార్య ఏదో అనబోయింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

పది రోజుల తర్వాత అవతలి వీధి అపార్ట్‌మెంటు సంఘం నుంచి చిత్రగుప్తుడికి ఒక ఉత్తరం వచ్చింది. వచ్చే ఆదివారం తమ దగ్గర కూడా ఆ రెండు ఘట్టాలూ తప్పక ప్రదర్శించాలని, సిస్టర్ గారినీ వెంట తీసుకురావాలని, అందరికీ భోజనాలు కూడా ఉంటాయని రాశారు. వక్తగారి సౌకర్యార్థం తమ వెంటిలేటర్ కొలతలు జతచేశారు.